ముందు పని, తర్వాత పేరు

అక్క పోయినప్పుడు రాయలేదు. పోయిన మాఘంలో, శుక్రవారం తెల్లవారకముందే పోయింది. మా బడి పాత విద్యార్థులు వచ్చి, మీరు ఆమెతో కలిసి పనిచేశారు కదా, రెండు పేజీలు రాసివ్వండి అన్నారు. కూర్చున్నాను. ఒక్క వాక్యం కదల్లేదు. ఈ బుధవారం ఆత్మకూరు బస్టాండులో, రెండు నలభైకి రావలసిన ఉదయగిరి బస్సు కోసం నిలబడి ఉండగా ఒక చిన్న సంగతి జరిగింది. ఇంటికొచ్చి మంచినీళ్ళు కూడా తాగకుండా కాగితాలు ముందేసుకున్నాను. ఏం జరిగిందో దాని వరుసలో అది వస్తుంది. లెక్కలు చెప్పినదాన్ని. చివరి మెట్టు ముందే రాసేసిన పిల్లకు నేనెప్పుడూ మార్కులు వేయలేదు.

ఉదయగిరి కొండ కింద మేం పనిచేసిన ఆడపిల్లల బడిలో ఆమె ఇంగ్లీషు, నేను లెక్కలు. వయసులో పెద్దది కాబట్టి నాకు అక్క. నన్ను మాత్రం పేరు పెట్టి పిలిచింది లేదు, లెక్కలమ్మా అనేది. ఆమె పేరు ఇక్కడ రాయను. వార్షికోత్సవం కరపత్రంలో పేరు అచ్చయితేనే ముఖం అదోలా పెట్టి, "ఎంబారసింగ్‌గా ఉండాది మే" అనేది.

"సిగ్గుగా ఉండాదని చెప్పరాదా?" అన్నాను ఒకసారి.

"సిగ్గెందుకు? నేనేం తప్పు చేసినా? తప్పు చేసినోళ్ళు అషేమ్డ్. పెళ్ళిలో పంక్తి మధ్యన చీర మీద సాంబారు పోసుకున్నోళ్ళు ఎంబారస్డ్. నేను రెండో రకం."

ఇదీ ఆమె. మనిషి లోపల జరిగేదానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో అన్నీ ఆమె దగ్గర విడివిడిగా, ఒకదానికొకటి అంటుకోకుండా ఉండేవి. ఆమెను పలకరించడమంటేనే జనానికి భయం. దారిలో ఎవరైనా "బాగుండారా టీచరమ్మా?" అంటే మనలాగా బాగున్నాం అనేసి పోయేది కాదు. ఆగేది. కళ్ళు మూసుకునేది. లోపల ఏదో వెతుక్కొని వచ్చినట్టు కళ్ళు తెరిచి, "కొంచెం ఇరిటేటెడ్‌గా ఉండా. కొత్త చెప్పు కరుస్తా ఉండాది. మిగతాదంతా కామ్" అనేది. పాలు పోసే ఆయన ఈ జవాబు కోసం క్యాను కింద పెట్టి నిలబడేవాడు. ఆమె తిరిగి, "నువ్వు?" అని అడిగేది. ఆయన పాపం తల గోక్కొని, "నేనూ అదేనమ్మా" అనేవాడు.

"అదే ఎట్ల అవతాదిరా? నీ కాళ్ళకు చెప్పులే లేవు గదా!"

మా వైపు మాటల్లో ఇంగ్లీషుకు కొదవ లేదు. కానీ మనసు సంగతికి వచ్చేసరికి నాలుగే నాలుగు మాటలు. టెన్షన్, డిప్రెషన్, టార్చర్, మెంటల్. బర్రె ఈనకపోయినా టెన్షనే, బస్సు రాకపోయినా టెన్షనే. అత్త రెండు మాటలంటే టార్చర్. అల్లుడు మాట్లాడకపోతే మెంటల్. అక్క ఈ నాలుగింటి మీద యుద్ధం చేసింది. సినిమాకు టికెట్టు దొరకలేదని ఒక పిల్ల "డిప్రెషన్‌గా ఉంది టీచర్" అంటే బల్ల మీద చాక్‌పీసు విరిచింది.

"డిప్రెషన్ జబ్బే. డాక్టరు చెప్పాల్సిన మాట. నీకుండేది డిసపాయింట్‌మెంట్. రేపటికి పోతాది. ఎవురి మాత్ర వాళ్ళు మింగాల, పక్కోళ్ళ మాత్ర తీసుకోకూడదు."

ఆ మాట ఊరికే అనలేదని తర్వాత చూశాను. మా బడి అటెండరు ఒకాయన గడ్డం గీసుకోవడం మానేశాడు, తిండి తగ్గించాడు, చివరికి నాతో తగువు పెట్టుకోవడం కూడా మానేశాడు. గంట కొట్టి ఆ గంట కిందే కూర్చునేవాడు. అందరం సోమరితనం అనుకున్నాం. అక్క ఒక వారం చూసి, "ఇది మన దగ్గరుండే మాట కాదు" అని ఆయన్ని నెల్లూరు ఆసుపత్రికి బస్సెక్కించి, తానూ ఎక్కింది. మనిషి తిరిగి మామూలయ్యాడు. నాతో తగువు మళ్ళీ మొదలుపెట్టిన రోజు ఆమె వరండాలో నిలబడి చప్పట్లు కొట్టింది.

నాకు మాత్రం ఒక అనుమానం ఉండేది. "అన్నీ బాగుండాయి గానీ అక్కా, కోపానికి కొలత ఏది? అనాయిడ్ అంటావు, యాంగ్రీ అంటావు, ఫ్యూరియస్ అంటావు. ఎక్కడ ఆగి ఎక్కడ మొదలవుతాయి? గీత చూపించు."

ఆమె కిటికీలోంచి కొండ వైపు చెయ్యి చూపించింది. "శివరాత్రి ఎండ అనాయిడ్. ఉగాది ఎండ యాంగ్రీ. రోహిణీకార్తె ఫ్యూరియస్. ఉదయగిరిలో పుట్టినదానికి ఇంకా గీత కావాల్నా?"

ఒప్పుకున్నాను. అంతకంటే మంచి కొలబద్ద ఇప్పటికీ నాకు దొరకలేదు.

ఆమె క్లాసు జరిగే తీరు వేరు. ఒక పిల్ల ముందుకొచ్చి ఏదో ఒకటి చేసి చూపించాలి. తలుపు దభాలున వేయడం, మూల కూర్చోవడం, గోళ్ళు కొరకడం. మిగతావాళ్ళు చూసింది చూసినట్టు చెప్పాలి. "పొగరుగా తలుపు వేసింది" అంటే ఒప్పుకునేది కాదు. "పొగరు నీకు యాడ కనపడింది? తలుపు కనపడింది, చెయ్యి కనపడింది. అవి చెప్పు. ముందు పని, తర్వాత పేరు." పని మొత్తం చెప్పాక, దానికి ముందు ఏం జరిగిందో అడిగి తెలుసుకున్నాక, అప్పుడే బోర్డు మీద మాటల్లోంచి ఒకటి ఎంచుకోవాలి. తొందరపడి ఎంచుకున్న పిల్లను మళ్ళీ మొదటికి పంపేది. నేను పక్క గదిలో సమీకరణాలు చెప్తూ ఆ తలుపు దభదభలు వింటూ ఉండేదాన్ని. మొదట్లో అనాయిడ్. తర్వాత అలవాటైంది.

ఇప్పుడు అసలు సంగతి.

ఎనిమిదో తరగతిలో ఒక గొర్రెలవాళ్ళ పిల్ల ఉండేది. హాస్టల్లో ఉండి చదువుకునేది. మా మెట్ట ఊళ్ళలో కోతలైపోయాక గొర్రెలవాళ్ళు మందలు తోలుకొని చేజర్ల, ఆత్మకూరు వైపు తడి పొలాలకు దిగుతారు. రాత్రిపూట ఒక రైతు పొలంలో మందను కడతారు. పెంట రైతుకు ఎరువు, దానికి బదులు వీళ్ళకు గింజలు. కొన్ని రాత్రులు ఒక పొలం, తర్వాత మంద ఎత్తి ఇంకో పొలం. తల్లీ తండ్రీ అలా తిరుగుతుంటే పిల్ల మా దగ్గర ఉండేది. పిల్ల నా క్లాసులో చురుకైనది, భిన్నాలు నోటితో చేసేది. అలాంటిది ఆ ఏడు అన్నం తట్ట విసిరింది. పక్క పిల్ల జడ పట్టుకొని గోడకేసి లాగింది. చివరికి ఒక గురువారం వార్డెనమ్మ చెయ్యి కరిచింది.

వార్డెనమ్మ చేతికి గుడ్డ కట్టుకొని స్టాఫ్‌రూముకు వచ్చింది. హెడ్మాస్టరు కూడా వచ్చారు.

"ఇంక నా వల్ల కాదు సార్. అది పిల్ల కాదు, సైకో. మెంటల్."

"టీసీ ఇచ్చేద్దాం," అన్నారు హెడ్మాస్టరు. "శనివారం వాళ్ళ నాయన్ని రమ్మని కబురు పంపిస్తా. ఇంకో పిల్లకు ఏమన్నా అయితే ఎవురు జవాబు చెప్పాల?"

ఆ మాటా తప్పు కాదు. కానీ టీసీ తీసుకున్న గొర్రెలవాళ్ళ పిల్ల ఇంకో బడికి పోదు. మంద వెనకాల పోతుంది. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

అక్క కాపీలు దిద్దుతూ తల ఎత్తకుండానే అడిగింది. "ఏం చేసింది?"

"కనపడలేదా అక్కా? కరిచింది!"

"దానికి ముందు?"

"ముందు ఏముండాది? మంచి మాటే చెప్పినా. మీ నాయన ఫోన్ చేసినాడు, చేజర్ల కాడ ఆడనే ఉండారంట, బాగుండారంట, అన్నం తిను అన్నా. అంతే, కరిచింది."

అక్క పెన్ను కింద పెట్టింది. "తట్ట విసిరిన రోజు?"

వార్డెనమ్మ ఆలోచించింది. "ఆ రోజూ ఫోన్ వచ్చింది. ఆడనే ఉండారంట అని చెప్పినా."

"జడ లాగిన రోజు?"

"ఆ పక్క పిల్లేమో... మీ వాళ్ళు ఆడనే ఉండారంట గదా, ఎందుకు ఏడుస్తావు అనిందంట."

అక్క లేచి నిలబడింది. ఆమె కళ్ళు అలా వెలగడం నేను ఫలితాల రోజున కూడా చూడలేదు. "సార్, శనివారం దాకా టీసీ రాయొద్దు."

"రాస్తే ఏం, రాయకపోతే ఏం మేడం? అది అర్రోగెంట్. మీ ఇంగ్లీషులోదే గదా ఆ మాట."

"మాట నాదే సార్. పిల్ల మీద సరిపోతాదో లేదో చూసి ఇస్తా."

మధ్యాహ్నం భోజనాల వేళ ఖాళీ క్లాసురూములో అక్క, నేను, ఆ పిల్ల, ముగ్గురం కూర్చున్నాం. అక్క బోర్డు మీద మాటలు రాసింది. యాంగ్రీ. సాడ్. జెలస్. లోన్లీ. ఒక్కొక్కదానికీ అర్థం చెప్పి, ఇదా అని అడిగింది. పిల్ల ఒక్కొక్కదానికీ తల అడ్డంగా ఊపింది. అక్కకు విసుగు రాలేదు. బట్టల అంగట్లో చీర మీద చీర విప్పేవాళ్ళకు ఉండే ఓపిక.

"హోమ్‌సిక్. ఇల్లు గుర్తొచ్చి మనసు లాగడం."

పిల్ల మొదటిసారి నోరు తెరిచింది. "మాకు ఇల్లు యాడుండాది టీచర్? మంద యాడుంటే ఆడనే."

అక్క ఆ మాటను తానే తుడిచేసింది. "అట్లయితే ఇది కాదు. నువ్వు మాట చెప్పొద్దు. ఏం జరిగిందో చెప్పు."

పిల్ల చెప్పింది. దసరా సెలవులకు మేనమామ మోటారు సైకిలు మీద ఎక్కించుకొని పోయాడట. మంద కట్టిన పాత పొలానికే పోయారు, నాయన ఫోనులో ఆడనే ఉండామన్నాడని. ఆడ మంద లేదు. నేలంతా పెంట, మూడు పొయ్యి రాళ్ళు, తెగిన తాడు ముక్క. అమ్మ లేదు, నాయన లేడు. మామ ఊరంతా అడిగి పొద్దుగూకే వేళకు ఇంకో ఊళ్ళో పట్టుకున్నాడు. నాయనను అడిగితే, "ఆడనే గదా ఉండేది, ఊరికే కదిలినాం" అని నవ్వాడట.

"అప్పటినుంచి నాకు తెలుసు టీచర్. ‘ఆడనే ఉండారు’ అంటే ఆడ లేరు. నేను క్లాసులో ఉండేటప్పుడే నాయన ఫోన్ చేస్తాడు. నేను గొంతు కూడా వినలేదు. ఆ రోజంటే దొరికినారు. ఇంకోసారి దొరక్కపోతే?"

అక్క బోర్డు దగ్గరికి దాదాపు పరిగెత్తింది. రెండు మాటలు రాసింది. "ఇది వరీడ్. ఏమవతాదో ఏమో అని. ఇది స్కేర్డ్. అయిపోతా ఉండాది, ఇప్పుడే, అని. చూసి చెప్పు. తొందర లేదు."

పిల్ల లేచి వరీడ్‌ను అరచేత్తో తుడిచేసింది. స్కేర్డ్ మిగిలింది. ఆ మాట కిందే చాక్‌పీసు గుండ పడి ఉంది. చేతికంటిన సుద్దను లంగాకు తుడుచుకొని, చాలా రోజుల తర్వాత, "అన్నం తింటా టీచర్" అంది.

శనివారం తండ్రి వచ్చాడు. కట్టె గేటు దగ్గర ఆనించి, గొంగడి భుజం మీద సర్దుకొని హెడ్మాస్టరు గదిలోకి వచ్చి గోడకు అంటుకొని నిలబడ్డాడు. బల్ల మీద టీసీ పుస్తకం తెరిచి ఉంది. పిల్ల గుమ్మంలో ఉంది.

అక్క అడిగింది. "అన్నా, మంద ఎత్తినంక కూడా ఆడనే ఉండామని ఎందుకు చెప్తావు?"

అతను నవ్వాడు. ఇంత చిన్న సంగతి టీచరమ్మలకు తెలియదా అన్నట్టు. "పొలం పేరు బయటికి చెప్తారా అమ్మా ఎవురైనా? ఈ హాస్టల్లో సగంమంది గొర్రెలోళ్ళ పిల్లలే. నేను ఫలానా దిక్కు పోతుండానని ఫోన్లో చెప్తే ఆమె ఈమెకు చెప్తాది, ఈమె వాళ్ళ నాయనకు చెప్తాది. నేను పోయేలోపు ఇంకోడు పోయి ఆ రైతును అడుక్కుంటాడు. మా పెద్దోళ్ళ నుంచీ ఇంతే. ఎవురడిగినా ఆడనే ఉండాం అంటాం."

"కూతురడిగినా?"

అతను గోడ వదిలి కొంచెం ముందుకు వచ్చాడు. "కూతురు... అదేం అడగలేదే."

"ఇప్పుడు అడుగుతాది. నువ్వే చెప్పు మే," అంది అక్క గుమ్మం వైపు తిరిగి.

పిల్ల ముందు ఇంగ్లీషులో చెప్పింది, పాఠం అప్పజెప్పినట్టు. "ఐ యామ్ స్కేర్డ్." తర్వాత తెలుగులో చెప్పింది, అప్పజెప్పినట్టు కాదు. ఖాళీ పొలం, పొయ్యి రాళ్ళు, తాడు ముక్క. "నువ్వు ఆడ లేవు నాయనా. ఉండామని చెప్పి లేవు."

తండ్రి గొంగడి తీసి చంకలో పెట్టుకున్నాడు. మళ్ళీ భుజానికి వేసుకున్నాడు. తర్వాత కూతురి దగ్గరికి పోయి, వంగి, మా వైపు చెయ్యి అడ్డం పెట్టి, దాని చెవిలో ఏదో చెప్పాడు. మర్నాడు మంద ఎక్కడ కట్టబోతున్నాడో ఆ పొలం పేరు. పిల్ల కళ్ళు ఇంత చేసింది. వెంటనే తన అరచేతితో తన నోరు తానే మూసుకుంది.

"ఎవురికీ చెప్పకు మే," అన్నాడు తండ్రి.

నోటి మీద చెయ్యి తీయకుండా తల ఊపింది. ఆ చేతి వెనక నవ్వుతోంది.

హెడ్మాస్టరు టీసీ పుస్తకం మూసేశారు. "ఇంక కరవదు గదా?" అన్నారు.

"ఎందుకు కరుస్తాది సార్? చెప్పేసింది గదా," అంది అక్క.

వార్డెనమ్మ తన ఫోను తీసి తండ్రికి చూపించింది. "సాయంత్రం ఆరు దాటినంక చెయ్యన్నా. పిల్లకే ఇస్తా. నేను బయటికి పోయి నిలబడతాలే, నాకు చెప్పొద్దు నీ పొలం." అందరూ నవ్వారు. గుడ్డ కట్టిన చేత్తోనే పిల్ల తల నిమిరింది.

బయటికి వచ్చాక అక్క వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. మళ్ళీ వెనక్కి నడిచింది. చేతులు ఊపుతోంది, ఏదో తనలో తాను అంటోంది.

"సంతోషంగా ఉండాదా అక్కా? రా, కూర్చో," అన్నాను.

ఆగింది. కళ్ళు మూసుకొని వెతుక్కుంది. "సంతోషం కాదు లెక్కలమ్మా. హ్యాపీ అయితే కూర్చోవచ్చు. హాయిగా గోడకానుకోవచ్చు. ఇది కూర్చోనియ్యడంలే చూడు. ఇది ఎక్సైట్‌మెంట్!" అని మళ్ళీ నడిచింది. ఎదురుగా వచ్చిన ప్రతి పిల్లనూ ఆపి, "ఎట్లుండావు? సరిగ్గా చెప్పు" అని అడిగింది. బెల్లు కొట్టినా ఎవరినీ వదల్లేదు.

పిల్ల మా బడిలోనే పది పూర్తి చేసింది. ఆ తర్వాత నేను బదిలీ మీద కలిగిరి పోయాను, అక్క రిటైరైంది. నడుమ కలిసినప్పుడల్లా ఆమె నన్ను అడిగేది, నేను కళ్ళు మూసుకొని వెతుక్కొని చెప్పేదాన్ని. పోయిన మాఘంలో ఆమెను కడసారి చూసి వచ్చాక ఎవరూ అలా అడగలేదు. అడిగిన వాళ్ళకు బాగున్నాను అనేదాన్ని.

ఇక బుధవారం సంగతి. బస్టాండులో నా పక్కన ఒక అమ్మాయి నిలబడి ఉంది. ముప్ఫైకి దగ్గర్లో ఉంటుంది. భుజానికి సంచి, మెడలో ఏదో ఆఫీసు గుర్తింపు కార్డు. ఫోనులో మాట్లాడుతోంది. "నాయనా, ఈ రాత్రికి యాడ?" అంది. అవతల చెప్పింది వింటూ, అరచేతితో నోరు మూసుకుంది. వినేటప్పుడు నోరు మూసుకోవడం ఎవరికి కావాలి? చెవి కదా పని చేసేది! అన్నేళ్ళ తర్వాత కూడా ఆ చెయ్యి అదే చెయ్యి.

"భిన్నాలు నోటితో చేసేదానివి నువ్వు," అన్నాను.

తిరిగి చూసింది. "లెక్కల టీచర్!" బస్టాండంతా వినపడేలా అరిచింది. తర్వాత, "ఇంగ్లీషు టీచరమ్మ యాడుండారు?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు ఈ పిల్లతో అబద్ధం చెప్పకూడదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పోయింది. మాఘంలో. ఆమె నా చెయ్యి పట్టుకుంది. నేనే ఆలోచించి, "నీకిప్పుడు ఎట్లుండాది? సరిగ్గా చెప్పు" అన్నాను. నా నోట్లోంచి అక్క మాట!

ఆమె కళ్ళు మూసుకుంది. మూసుకొని లోపల వెతుక్కుంది. కళ్ళు తెరిచాక, "సాడ్. గ్రేట్‌ఫుల్. రెండూ ఉండాయి టీచర్, ఒకదానికొకటి అంటుకోలేదు" అంది. తర్వాత చుట్టూ చూసి, వంగి, చెయ్యి అడ్డం పెట్టి, వాళ్ళ నాయన ఆ రాత్రి మంద కట్టే పొలం పేరు నా చెవిలో చెప్పింది. తారీఖులు, వేళలు అన్నీ రాసిపెట్టుకునే మనిషిని. ఆ పేరు మాత్రం ఎక్కడా రాయలేదు. ఇక్కడా రాయను.

బస్సు వచ్చింది. ఆమె నన్ను ఎక్కించి కిందే ఉండిపోయింది. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. ఊరు దాటింది, చెట్లు పోతున్నాయి, నేను రాడ్డు పట్టుకొని నిలబడే ఉన్నాను.

"అవ్వా, కూసోరాదా?" అన్నాడు కండక్టరు టికెట్టు చింపుతూ. "సీటు అట్ల ఖాళీగా ఉంటే ఎందుకు నిలబడతావు?"

"కూర్చోలేను నాయనా," అన్నాను. ఎందుకో చెప్పబోయి, అరచేత్తో నోరు మూసుకున్నాను. మోకాళ్ళు నొప్పి పెడుతున్నాయి. ఉదయగిరి కొండ కనపడేదాకా నిలబడే వచ్చాను.